వారంటీలో ఉన్న కారుకి బయటి పార్టులు, బయటి సర్వీసు: ఏది చేస్తే ఏ వారంటీ పోతుంది?

#1 · కొత్తబండి (కాకినాడ)
అందరికీ నమస్కారమండి. స్విఫ్ట్ వీఎక్స్ఐ పెట్రోల్, కొని ఏడాది కావస్తోంది, 6,200 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ వారంటీ 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకా కట్టలేదు. చేయించాలనుకుంటున్నవి ఇవండి: విండ్‌టోన్ హారన్లు, డ్యాష్‌క్యామ్, 15 అంగుళాల అలాయ్ చక్రాలు, సీటు కవర్లు. ఆయిల్ మార్పు కూడా ఇంటి దగ్గరున్న గ్యారేజీలో చేయిద్దామని ఉంది. సర్వీసు సెంటర్లో అడిగితే "బయట చెయ్యి పడితే వారంటీ మొత్తం పోతుంది" అన్నారు. నిజంగా మొత్తం పోతుందా? దేనికి ఎంతవరకు పోతుందో తెలిసినవాళ్లు విడివిడిగా చెప్పండి.

#2 · బెజవాడ స్పానర్
మొత్తం పోవడం అనేది చాలా అరుదండి. వారంటీ అనేది భాగానికీ కారణానికీ ముడిపడి ఉంటుంది. హారన్ వైరు కోశారనుకోండి, హారన్ సర్క్యూట్, దాని ఫ్యూజు, దాన్ని నడిపే బాడీ కంట్రోల్ మాడ్యూల్ (హారన్, లైట్ల వంటివాటిని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) మీద క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకి ఆధారం దొరికినట్టే. అదే బండిలో ఏసీ కంప్రెసరు పోతే హారన్ని చూపించి కుదరదనడానికి లేదు.

ముందు మీ వారంటీ పుస్తకం తీసి మూడు పేజీలు చదవండి. "వారంటీ వర్తించనివి" అన్న పేజీ, మెయింటెనెన్స్ షెడ్యూలు, యజమాని బాధ్యతలు. కౌంటర్ దగ్గర చెప్పే మాటకీ అక్కడ అచ్చైన మాటకీ చాలాసార్లు పొంతన ఉండదు. అచ్చైనదే చెల్లుతుంది.

ఇంకో సంగతి. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్ రబ్బర్లు, బల్బులు, ఫిల్టర్లు అరుగుదల సరుకు. మామూలుగా అరిగిపోతే వీటికి వారంటీ ఎలాగూ రాదు. బ్యాటరీకి, టైర్లకు వారంటీ ఇచ్చేది వాటిని తయారుచేసిన కంపెనీ, కారు కంపెనీ కాదు. అమరాన్ బ్యాటరీ పోతే క్లెయిమ్ వెళ్లేది తిరుపతి దగ్గర కరకంబాడిలో పుట్టిన అమరరాజాకి, మీ కారు డీలరు మధ్యవర్తి మాత్రమే. బ్యాటరీ వారంటీ కార్డు బండి కాగితాల్లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

#3 · వినియోగ పక్షం
స్పానర్ గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి బలం ఉంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద ఉత్తర్వు ఇచ్చింది. జరిమానా మొత్తం 2,544.65 కోట్ల రూపాయలు. విడిభాగాలు, రిపేరు పరికరాలు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్కులకు దొరక్కుండా చేస్తున్నారన్నది ప్రధాన అభియోగం. ఆ ఉత్తర్వులోనే వారంటీ సంగతి కూడా ఉంది. బయట రిపేరు చేయించాడన్న ఒక్క కారణంతో వారంటీ గుండుగుత్తగా రద్దనే షరతు పెట్టకూడదు. బయటి పని సరిగా లేక దెబ్బతిన్న మేరకే తిరస్కరించవచ్చు, ఆ సందర్భాలేమిటో ముందే స్పష్టంగా రాసి ఉంచాలి.

దీన్ని పట్టుకుని కౌంటర్ దగ్గర గొడవకి దిగకండి. ఆ ఉత్తర్వు మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం వినియోగదారుల రక్షణ చట్టం, 2019. దాని వివరాలు అవసరమైనప్పుడు రాస్తాను.

#4 · కొత్తబండి
అంటే ఆయిల్ మార్పు బయట చేయించవచ్చన్నమాటేనా?

#5 · బెజవాడ స్పానర్
చేయించవచ్చు. కానీ మీ విషయంలో వద్దంటాను. మొదటి సర్వీసుల్లో లేబర్ ఉచితం, మీరు కట్టేది ఆయిలు, ఫిల్టరు, గాస్కెట్ లాంటి సరుకు ధరే. బయట మిగిలేది కొన్ని వందలు. ఆ కొద్ది డబ్బు కోసం సర్వీసు రికార్డులో ఖాళీ వదలడం లాభం కాదు. పైగా రేపు ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుంటే అది వేరే ఒప్పందం. అందులో "అన్ని సర్వీసులూ అధీకృత కేంద్రంలోనే" అన్న షరతు సాధారణంగా ఉంటుంది, దానికి ఒప్పుకుని సంతకం పెట్టేది మీరే.

ఇంకొకటి, మీ బండి 6,200 కిలోమీటర్లే తిరిగింది కదా అని 10,000 దాకా ఆగకండి. షెడ్యూలులో "ఏది ముందైతే అది" అని ఉంటుంది. ఏడాది నిండితే తిరగకపోయినా సర్వీసు చేయించాల్సిందే. తక్కువ తిరిగే బండ్లకు క్లెయిమ్ పోయేది ఎక్కువగా ఇక్కడే. ఎన్ని రోజులు అటూఇటూ అయితే ఒప్పుకుంటారో పుస్తకంలో రాసి ఉంటుంది, అది చూసి తేదీ పెట్టుకోండి.

#6 · పాలమూరు ప్రయాణం
సర్వీసుకు పోతే ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్, ఏసీ ఫోమ్ అని నాలుగైదు వేల బిల్లు చూపిస్తున్నరు. వద్దంటే వారంటీకి ఇబ్బంది అయితదని అంటున్నరు. ఇది నిజమేనా అన్నా?

#7 · బెజవాడ స్పానర్
కాదు. మెయింటెనెన్స్ షెడ్యూలు పట్టికలో లేని పని వద్దన్నంత మాత్రాన వారంటీకి ఏమీ కాదు. పట్టిక తెరిచి "ఇది ఎన్ని కిలోమీటర్లకు చేయాలని రాసుందో చూపించండి" అని అడగండి. చూపించలేకపోతే జాబ్ కార్డు (బండికి చేసే పనుల చీటీ) మీద ఆ పనులు కొట్టేయించి, అప్పుడు సంతకం పెట్టండి.

ఇంజిన్ ఫ్లష్ గురించి గట్టిగా చెప్పాలి. ఆయిల్ సమయానికి మారిన కొత్త ఇంజిన్లో కడగడానికి మడ్డే ఉండదు. కాలవలో ఫ్లష్ ద్రవం కొంత మిగిలి కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. అండర్‌బాడీ కోటింగ్ మాత్రం తీరప్రాంతం వాళ్లకి ఉపయోగమే, కాకినాడ, విశాఖ, మచిలీపట్నం ఉప్పుగాలికి. కొట్టేటప్పుడు తలుపుల అడుగున, సిల్లు కింద నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోకుండా టేపు వేయించాలి. ఆ రంధ్రాలు మూసుకుపోతే నీళ్లు లోపల నిలిచి లోపలినుంచే తుప్పు పడుతుంది, అప్పుడు తుప్పు క్లెయిమ్ ఇవ్వరు. సైలెన్సరు, ఆక్సిజన్ సెన్సరు, బ్రేకు గొట్టాల మీద పడకూడదు.

#8 · రాణిగంజ్ రిలే
హారన్ల గురించి నేను చెప్త. వైరింగే అన్నిటికన్న ఎక్కువ క్లెయిములు పోగొట్టే పని, జరంత వివరంగ రాస్త.

విండ్‌టోన్ జత రెండూ కలిపి 10 నుంచి 12 ఆంపియర్లు గుంజుతయ్. కంపెనీ హారన్ సర్క్యూట్ అంత లోడుకు కట్టింది కాదు. ఇప్పటి బండ్లల్ల చాలావాటికి హారన్, లైట్లు బాడీ కంట్రోల్ మాడ్యూల్ నుంచే నడుస్తయ్. డైరెక్టుగ తగిలిస్తే ఫ్యూజు ఒక్కటే పోతే అదృష్టం. మాడ్యూల్లో డ్రైవర్ చిప్ కాలితే వేల రూపాయల మాట, దానికి వారంటీ ఇయ్యరు.

సరైన పద్ధతి ఇది. 4 పిన్నుల 30 ఆంపియర్ల రిలే ఒకటి, సిరామిక్ బేసుది; రిలే అంటే చిన్న కరెంటుతోని పెద్ద కరెంటును నడిపే స్విచ్చి. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీకి 15 సెంటీమీటర్ల లోపలనే 20 ఆంపియర్ల ఫ్యూజు. ఆ వైరు రిలే 30 నంబరు పిన్నుకు. 87 నుంచి రెండు హారన్లకు. హారన్ల రెండో కొస బాడీ ఎర్తుకు, రంగు గీకిన బోల్టు కింద. 85, 86 పిన్నులు కాయిల్‌వి. వాటిని కంపెనీ హారన్ కప్లర్లోకి, అంటే వైరు కొసకున్న ప్లగ్గులోకి, నేరుగ దిగే మగ కప్లర్‌తో కలపాలె. కాయిల్ గుంజేది 0.2 ఆంపియర్ల లోపే, కంపెనీ వైరుకు అసలు భారమే తెల్వదు.

ఈ పద్ధతిల కంపెనీ వైరు ఒక్కటి కూడ కోసేది లేదు. వారంటీ పనికి పోయేముందు కప్లర్ ఊడదీసి పాత హారన్ తగిలిస్తే పది నిమిషాల పని. పాత హారన్, దాని బ్రాకెట్ పారేయొద్దు, దాచుకోండి.

#9 · కొత్తబండి
చాలా వివరంగా చెప్పారండి. షాపువాళ్లు వైరు మీద నీలం రంగు క్లిప్ నొక్కి జాయింట్ ఇస్తారు కదా, అది వైరు కోసినట్టు లెక్కకు వస్తుందా?

#10 · రాణిగంజ్ రిలే
వస్తది. ఆ క్లిప్‌లో బ్లేడు తోలు చీల్చి లోపలి రాగి పోగులను కొరుకుతది. బానెట్ కింద పెడితే రెండు వానాకాలాలల్ల తేమ దిగి రాగి పచ్చగ మారుతది, వోల్టేజి పడిపోతది. అది ఏ సెన్సరు వైరు పక్కన ఉన్నా లైటు వెలుగుడు మొదలయితది. సర్వీసు సెంటర్ టెక్నీషియన్ మొదలు వెతికేది గా క్లిప్పులనే. ఫోటో తీసి కంపెనీకి పంపుతరు, కథ అక్కడ్నే ఆగిపోతది.

డ్యాష్‌క్యామ్‌కు కూడ అంతే. సిగరెట్ లైటర్ సాకెట్లో పెడితే ఏ గొడవ లేదు. పార్కింగ్ రికార్డింగ్ కావాల్నంటే ఫ్యూజు బాక్సులో ఫ్యూజు ట్యాప్ (ఫ్యూజు జాగల దిగి ఇంకో వైరుకు కరెంటు ఇచ్చే అడాప్టర్) వాడండి, మీ బండి ఫ్యూజు సైజు ఏందో చూసి అదే సైజుది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ ఫ్యూజుల జోలికి పోవద్దు. ఆడియో లేదా యాక్సెసరీ సాకెట్ ఫ్యూజు తీసుకోండి. వైరు ఏ-పిల్లర్ లోపల నుంచి తీసేటప్పుడు కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ వెనకనుంచి పోవాలె, ముందర్నుంచి పోతే బ్యాగ్ విప్పుకునే దారికి అడ్డం. పసుపు రంగు కప్లర్ కనబడితే చెయ్యి తియ్యండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

పని అయినంక లీకేజి కరెంటు కొలవండి. మల్టీమీటర్ 10 ఆంపియర్ల రేంజిల, బ్యాటరీ మైనస్ కేబులుకు వరుసగ. బండి లాక్ చేసి 20, 30 నిమిషాలు ఆగితే మాడ్యూళ్లన్నీ నిద్రలోకి పోతయ్. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మంచిది. 100 ఉంటే రోజుకు 2.4 ఆంపియర్ అవర్లు పోయినట్టు, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వారంల సగం ఖాళీ. మీటర్ తగిలిచ్చి ఉండంగ స్టార్టు కొట్టొద్దు, మీటర్ ఫ్యూజు పోతది. డ్యాష్‌క్యామ్ కిట్టులో కటాఫ్ 12.2 వోల్టుల దగ్గర పెట్టుకోండి.

#11 · పాలమూరు ప్రయాణం
హెడ్‌లైట్ బల్బులు 100/90 వాట్లవి వేస్తే?

#12 · రాణిగంజ్ రిలే
వద్దు. హెచ్4 బల్బుకు ఆమోదం ఉన్నది 60/55 వాట్లకే. 100 వాట్లవి రెండు అంటే దాదాపు 17 ఆంపియర్లు. హోల్డరు కరుగుతది, రిఫ్లెక్టర్ పూత మాడుతది, హెడ్‌లైట్ మొత్తం మార్చాలె. క్లెయిమ్ అడిగే మొఖం కూడ ఉండదు. వెలుగు తక్కువ అనిపిస్తే 60/55 బల్బులే ఉంచి రిలే హార్నెస్ (రిలేతో కూడిన వైర్ల కట్ట) పెట్టుకోండి, బల్బు కాడ వోల్టేజి పెరిగి తేడా కనబడుతది. కాని హెడ్‌లైట్‌కు కరెంటు ముక్కలుముక్కలుగ, అంటే పల్సులుగ ఇచ్చే బండ్లల్ల మామూలు రిలే టకటకలాడుతది. అట్లాంటి బండికి హార్నెస్ పనికిరాదు.

#13 · రిమ్ము లెక్క
అలాయ్‌లకి వస్తాను. మీ వీఎక్స్ఐకి కంపెనీ ఇచ్చింది 165/80 ఆర్14 (టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, అందులో ఎత్తు శాతం, రిమ్ము అంగుళాలు). పై వేరియంట్‌కి 185/65 ఆర్15. రెండింటి వ్యాసం లెక్క చూడండి: మొదటిది 619.6 మిల్లీమీటర్లు, రెండోది 621.5. తేడా లేనట్టే. కంపెనీ అదే మోడల్ పై వేరియంట్‌కి ఇచ్చిన సైజు తీసుకుంటే స్పీడోమీటర్, ఏబీఎస్ గురించి ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ సైజు దాటి వెళ్లకండి. 205/60 ఆర్16 వేస్తే వ్యాసం 652 అవుతుంది, 5 శాతం ఎక్కువ. మీటర్ 100 చూపిస్తే బండి 105లో ఉంటుంది, నిండు లోడులో ఫెండర్ లైనర్‌కి రాసుకుంటుంది.

రిమ్ము కొనేటప్పుడు షాపువాడు 4×100 సరిపోయింది కదా అంటాడు. అది నాలుగు బోల్టుల వలయం కొలత మాత్రమే. ఇంకా మూడు చూడాలి.

నడిమి రంధ్రం: సుజుకీ హబ్బు 54.1 మిల్లీమీటర్లు. బయటి అలాయ్‌లు అన్ని బండ్లకీ పట్టేలా పెద్ద రంధ్రంతో వస్తాయి, ఎక్కువగా 67.1 లేదా 73.1. మధ్యలో హబ్ రింగు వేయకపోతే చక్రం బోల్టుల మీదే వేలాడుతుంది, 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేసినా పోదు.

ఆఫ్‌సెట్: రిమ్ము వెనకవైపు ఈటీ అని అంకె ఉంటుంది. కంపెనీ అంకెకి 5 మిల్లీమీటర్ల లోపు తేడాతో తీసుకోండి. అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది, బేరింగు మీద వంపు బలం పెరుగుతుంది. వీల్ బేరింగ్ క్లెయిమ్ తిరస్కరించేది ఇది చూసే.

నట్లు: సుజుకీవి 12×1.25 మరలు. హోండా, టయోటాలో ఎక్కువవి 12×1.5. కలిపి బిగిస్తే స్టడ్డు మరలు కొరుక్కుపోతాయి. అలాయ్‌కి కోన్ సీటు నట్లు వేరుగా కావాలంటే రిమ్ముతోపాటే తీసుకోండి. ఎయిర్ గన్నుతో ఆపేయకుండా పుస్తకంలో ఉన్న టార్కుకి రెంచితో బిగించి, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసుకోవాలి.

టైరు లోడు ఇండెక్స్ కూడా కంపెనీ టైరుకన్నా తగ్గకూడదు. 84 అంటే 500 కిలోలు, 88 అంటే 560.

#14 · కొత్తబండి
డీలరు దగ్గరే అలాయ్‌లు, సీటు కవర్లు వేయించుకుంటే ఈ బాధలేవీ ఉండవు కదండీ?

#15 · వినియోగ పక్షం
జాగ్రత్త. డీలరు బిగించినవన్నీ కంపెనీ యాక్సెసరీలు కావు. చాలామంది డీలర్లు బయటి సరుకే తెచ్చి బిగిస్తారు, బిల్లు వేరే పేరు మీద ఇస్తారు. కంపెనీ యాక్సెసరీ అయితే పార్ట్ నంబరు ఉంటుంది, కంపెనీ వెబ్‌సైటులో అదే నంబరు దొరుకుతుంది. బిల్లులో పార్ట్ నంబరు, మీ బండి ఛాసిస్ నంబరు, బిగించిన తేదీ ఉండాలని పట్టుబట్టండి. అది లేకపోతే డీలరు దగ్గర వేయించినా రోడ్డు పక్క వేయించినా కాగితం మీద తేడా లేదు.

సీటు కవర్ల విషయంలో వారంటీకన్నా ప్రాణం ముఖ్యం. మీ బండికి 6 ఎయిర్‌బ్యాగులున్నాయి. ముందు సీట్ల పక్క భాగంలోంచి తెరుచుకునేవి వాటిలో రెండు. కవరు ఆ వైపు విడిపోయే కుట్టుతో ఉండాలి. మామూలు మందపాటి రెక్సిన్ కవరు బ్యాగుని సీటులోనే ఆపేస్తుంది. నాణ్యమైన కవర్ల మీద ఆ కుట్టు దగ్గర ఎయిర్‌బ్యాగ్ అన్న ట్యాగు ఉంటుంది, ట్యాగు ఒక్కటే చూసి ఊరుకోక కుట్టు వేరే దారంతో ఉందో లేదో చూడండి. ముందు బంపరుకి బుల్ బార్ అసలే వద్దు. దాన్ని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే చట్టవిరుద్ధం అని చెప్పింది, ఎయిర్‌బ్యాగ్ సెన్సరుకి అందాల్సిన దెబ్బ తీరుని మార్చేస్తుంది.

#16 · డీజిల్ దారి
డీజిల్ బండ్ల వాళ్ల కోసం. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో డీపీఎఫ్ అంటే పొగమసి పట్టే వడపోత ఉంది. దీనికి తక్కువ బూడిద ఆయిలే పోయాలి, పుస్తకంలో ఏసీఈఏ (యూరప్ ఆయిల్ ప్రమాణం) సీ2, సీ3 లేదా సీ5 అని రాసి ఉంటుంది. లారీలకి వాడే 15డబ్ల్యూ-40 సీఐ-4 ఆయిల్ పోస్తే ఏమవుతుందో చూడండి. మసి రీజనరేషన్లో, అంటే వడపోత వేడెక్కి తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు, కాలిపోతుంది, ఆయిల్ సంకలనాల బూడిద కాలదు. అది వడపోతలోనే పేరుకుంటుంది. కొన్ని మార్పులయ్యేసరికి వెనక ఒత్తిడి పెరిగి, రీజనరేషన్ మాటిమాటికీ వచ్చి, కాలని డీజిల్ ఆయిల్లో కలిసి మట్టం పెరుగుతుంది. డీపీఎఫ్ ధర లక్ష దాటే బండ్లున్నాయి. ఆ క్లెయిమ్‌కి ఆయిల్ బిల్లు అడుగుతారు, గ్రేడు తప్పని తేలితే అక్కడితో అయిపోయినట్టే.

ఊళ్లోనే చిన్న చిన్న ప్రయాణాలు చేసేవాళ్లు డీపీఎఫ్ లైటు వెలిగితే హైవే ఎక్కి 60 పైన 15, 20 నిమిషాలు ఆగకుండా నడపండి. లైటుతోనే తిరిగి పూడుకుపోతే అది వాడకం లోపం కింద రాస్తారు. డీపీఎఫ్ పీకేయించి, సాఫ్ట్‌వేర్ మార్పించే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. వారంటీతోపాటు కాలుష్య నిబంధనలూ ఉల్లంఘించినట్టే.

యాడ్‌బ్లూ (పొగ శుద్ధికి పోసే యూరియా ద్రవం) పోసే బండ్లకి డబ్బా మీద ఐఎస్ఓ 22241 ఉండాలి, యూరియా 32.5 శాతం. ఎరువు యూరియా కలిపిన సరుకు ఇంజెక్టరు మూతి దగ్గర తెల్లగా గడ్డకడుతుంది.

#17 · బెజవాడ స్పానర్
పెట్రోల్లో కూడా గ్రేడు సంగతి అంతే ముఖ్యం. మారుతి కే12ఎన్ లాంటి ఇంజిన్లకి చెప్పింది 0డబ్ల్యూ-16 (ఈ అంకెలు ఆయిల్ చిక్కదనం చెప్తాయి, తక్కువైతే పలచన). బయట చాలా గ్యారేజీల్లో డ్రమ్ములో 15డబ్ల్యూ-40 ఉంటుంది, "మన ఎండలకి చిక్కటిదే మంచిది" అని పోస్తారు. ఆ ఇంజిన్ బేరింగు సందులు, ఆయిల్ పంపు, వాల్వు టైమింగ్ మార్చే యాక్చుయేటరు అన్నీ పలచటి ఆయిలుకి లెక్కకట్టినవి. చిక్కటిది పోస్తే చల్లటి స్టార్టులో ఆయిల్ ఆలస్యంగా పైకి వస్తుంది, యాక్చుయేటరు స్పందన మందగిస్తుంది, మైలేజీ పడుతుంది.

0డబ్ల్యూ-16 డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ, ఐఎల్ఎస్ఏసీ జీఎఫ్-6బీ అన్న నాణ్యత ప్రమాణాలు ఉండాలి. జీఎఫ్-6ఏ అంటే 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 వంటి వాటికి. కంపెనీ పేరు ఏదైనా ఫరవాలేదు, గ్రేడు, ప్రమాణం రెండూ కలవాలి.

నకిలీ ఆయిల్ ఫిల్టరు ఇంకా ప్రమాదం. పైకి అదే రంగు, అదే అచ్చు. లోపల ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు నాసిరకం, లేదా అసలు ఉండదు. పొద్దున్నే స్టార్టు చేయగానే రెండు మూడు సెకన్లు టకటక వినిపిస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే. కాటన్ ఎయిర్ ఫిల్టర్లకి కడిగాక నూనె ఎక్కువ పూస్తే ఆ నూనె గాలి కొలిచే మ్యాఫ్ సెన్సరు తీగకి అంటుకుని రీడింగు తప్పుతుంది. సెన్సరుకి వారంటీ అడిగితే ఎయిర్ బాక్సు తెరిచి చూస్తారు.

పార్టుల్లో మూడు రకాలు తెలుసుకోండి. కారు కంపెనీ పెట్టెలో వచ్చేది ఒకటి. అదే భాగాన్ని కంపెనీకి తయారుచేసి ఇచ్చే బాష్, వాలియో, డెన్సో, మాలే, లూమాక్స్ లాంటివాళ్ల సొంత పెట్టెలో వచ్చేది రెండోది. ఊరూపేరూ లేనిది మూడోది. వారంటీ అయిపోయిన బండికి రెండోరకం కళ్లు మూసుకుని వేసుకోవచ్చు. వారంటీలో ఉన్న బండికి వేస్తే బిల్లు ఉంచుకోవాలి.

#18 · డల్లాస్ తెలుగు
ఇక్కడ అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. ఫలానా బ్రాండు పార్టు, ఫలానా చోట సర్వీసు అని వారంటీకి షరతు పెట్టకూడదు, ఆ పార్టు లేదా సర్వీసు ఉచితంగా ఇస్తే తప్ప. బయటి పార్టు వల్లే చెడిందని చూపాల్సింది కంపెనీయే. ఇంట్లో సొంతంగా ఆయిల్ మార్చుకున్నా చెల్లుతుంది, ఆయిలు, ఫిల్టరు రసీదులు, తేదీ, మైలేజీ రాసి ఉంచుకుంటే చాలు. ఇండియాలో ఉన్నవాళ్లు ఈ చట్టం పేరు సర్వీసు సెంటర్లో చెప్పకండి, అక్కడ అది వర్తించదు. రసీదుల అలవాటు మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

#19 · పాలమూరు ప్రయాణం
రీమ్యాప్ (ఇంజిన్ పవర్ పెంచనీకి సాఫ్ట్‌వేర్ మార్పు) చేయించి, సర్వీసుకు పోయేముందు మళ్ల స్టాక్ ఫైల్ (కంపెనీ ఇచ్చిన పాత సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తే తెల్వదంటున్నరు. నిజమేనా?

#20 · బెజవాడ స్పానర్
చాలా బండ్లలో తెలుస్తుంది. ఈసీయూలో, అంటే ఇంజిన్ కంప్యూటరులో, ఎన్నిసార్లు రాశారన్న లెక్క ఉంటుంది, స్టాక్ ఫైల్ మళ్లీ ఎక్కించినా ఆ లెక్క ఒకటి పెరుగుతుందే కానీ తగ్గదు. సాఫ్ట్‌వేర్‌కి గుర్తింపు సంఖ్య, దానికో సరిచూపు సంఖ్య కూడా ఉంటాయి. కంపెనీ స్కానరు వాటిని సర్వర్‌తో పోలుస్తుంది. ఫోక్స్‌వాగన్ గ్రూపు బండ్లలో ఒకసారి తేడా దొరికితే టీడీ1 అని గుర్తు పడుతుంది, అది ఏ డీలరు దగ్గరికి వెళ్లినా కనిపిస్తుంది. అప్పుడు టర్బో, క్లచ్, గేర్‌బాక్సు, ఇంజిన్ క్లెయిములు పోయినట్టే లెక్క. వారంటీ కావాలంటే రీమ్యాప్ వద్దు, ఇందులో మధ్యేమార్గం లేదు.

#21 · గుంటూరు గ్యాస్
పెట్రోల్ బండికి బయట సీఎన్‌జీ కిట్టు వేయిస్తే?

#22 · డీజిల్ దారి
ఇంజిన్, ఇంధన వ్యవస్థ వారంటీ వదులుకోవాల్సిందే. సీక్వెన్షియల్ కిట్టు ఇంజెక్టర్ల వైర్లు తెంపి మధ్యలో తన కంట్రోలరు పెడుతుంది. కంపెనీ సీఎన్‌జీ బండ్లకి వాల్వు సీట్లు గట్టి లోహంతో వస్తాయి, మామూలు పెట్రోల్ ఇంజిన్లో గ్యాసు పొడి మంటకి సీట్లు త్వరగా అరిగి కంప్రెషన్ పోతుంది. 60 లీటర్ల ఉక్కు సిలిండరు 60 కిలోల దాకా బరువు, వెనక స్ప్రింగులు, షాక్‌ల క్లెయిమ్ కూడా దాంతో పోతుంది.

వేయించేటట్లయితే మీ బండి ఇంజిన్ సామర్థ్యానికి, బీఎస్ స్థాయికి ఆమోదం ఉన్న కిట్టే తీసుకోండి. ఆర్సీలో ఇంధనం మార్పు ఆర్టీఏలో ఎక్కించాలి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అది తప్పనిసరి. బీమా పాలసీలో కిట్టు చేర్పించాలి. సిలిండరుకి 3 ఏళ్లకోసారి హైడ్రో పరీక్ష. ఇవి లేకపోతే వారంటీ సంగతి అలా ఉంచి ప్రమాదంలో బీమా కూడా చిక్కులో పడుతుంది.

#23 · కొత్తబండి
ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా క్లెయిమ్ తిరస్కరిస్తే ఏం చేయాలండి? వరసగా చెప్పండి.

#24 · వినియోగ పక్షం
జాబ్ కార్డు దగ్గరే మొదలవుతుంది. సమస్యని మీ మాటల్లోనే రాయించండి: ఎప్పుడు, ఏ వేగంలో, చల్లటి ఇంజిన్లోనా వేడి మీదా, ఏ లైటు వెలిగింది. "జనరల్ చెకప్" అని రాస్తే తర్వాత ఆ సమస్య మీరు చెప్పినట్టు రికార్డే ఉండదు. ఓడోమీటర్ అంకె ఉండాలి. కాపీ తీసుకోండి. వారంటీ గడువు చివర్లో ఉంటే ఇది ఇంకా ముఖ్యం, గడువులోపు ఫిర్యాదు నమోదైందని చూపేది ఈ కాగితమే.

తిరస్కరిస్తే నోటిమాట ఒప్పుకోకండి. ఏ భాగం, ఏ కారణం, వారంటీ పుస్తకంలో ఏ నిబంధన ప్రకారం అన్నది ఈమెయిల్లో అడగండి. మీ బయటి పార్టుని కారణంగా చూపిస్తే, అది ఈ భాగాన్ని ఎలా చెడగొట్టిందో సాంకేతికంగా రాయమనండి. చెడిన భాగం ఫోటోలు, స్కానర్ రిపోర్టు అడగండి. ఇక్కడే సగం తిరస్కరణలు మెత్తబడతాయి, ఎందుకంటే రాతలో పెట్టాల్సి వచ్చినప్పుడు పై అధికారి చూస్తాడు.

తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కి రాతపూర్వకంగా, అదే మెయిల్ గొలుసులో. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అది కోర్టు కాదు, కంపెనీతో మాట్లాడి పరిష్కారం చూస్తుంది.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల లోపయితే జిల్లాయే. మీరు ఉండే ఊరి జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఉన్న చోటికి వెళ్లనక్కర్లేదు. రుసుము ధర మీద ఉంటుంది: 5 లక్షల దాకా లేదు, 5 నుంచి 10 లక్షలకు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షలకు 400. ఆన్‌లైన్లోనూ దాఖలు చేయవచ్చు. కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ల లోపు వేయాలి. డీలరుని, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, ఒకర్నే చేరిస్తే రెండోవారి మీదకి నెట్టేస్తారు.

తయారీ లోపం అని మీరంటే దాన్ని నిరూపించే భారం ఎక్కువగా మీ మీదే పడుతుంది. 2019 చట్టం సెక్షన్ 38 కింద భాగాన్ని ప్రయోగశాలకి పంపమని కమిషన్‌ని కోరవచ్చు, ల్యాబుకి 45 రోజుల గడువు ఉంటుంది. అందుకే చెడిన భాగాన్ని బయట విప్పించకండి, డబ్బు కట్టి మార్పించుకోవాల్సి వస్తే పాత భాగం సీలుతో మీ దగ్గరే ఉంచుకోండి. అది పోతే పరీక్షించడానికి ఏమీ మిగలదు.

#25 · రాణిగంజ్ రిలే
ఫైలు ఒకటి పెట్టుకోమని చెప్పండి వాళ్లకు. ఏమేం పెట్టాల్నో మీరే రాయండి.

#26 · వినియోగ పక్షం
బయట ఏ పని చేయించినా జీఎస్టీ బిల్లు. అందులో రిజిస్ట్రేషన్ లేదా ఛాసిస్ నంబరు, ఓడోమీటర్ అంకె, తేదీ, పార్ట్ నంబరు, ఆయిల్ అయితే గ్రేడు, ప్రమాణం, ఎన్ని లీటర్లు. డబ్బా మీద బ్యాచ్ నంబరు కనిపించేలా ఒక ఫోటో. బిగించకముందు, బిగించాక కప్లర్ల ఫోటోలు, కంపెనీ వైరు చెక్కుచెదరలేదని చూపేలా. థర్మల్ కాగితం మీద బిల్లులు కొన్నాళ్లకే తెల్లబడతాయి, వచ్చిన రోజే ఫోటో తీసి ఈమెయిల్‌కి పంపుకోండి, తేదీకి అదే సాక్ష్యం.

#27 · కొత్తబండి
చాలా సంతోషమండి. ఈ వారమే సర్వీసు సెంటర్లో ఏడాది సర్వీసు చేయిస్తాను, షెడ్యూలు పట్టిక చూపించి మిగతావి కొట్టేయిస్తాను. హారన్లకి రిలే, కప్లరు కొంటాను. అలాయ్‌లు 185/65 ఆర్15కే, హబ్ రింగులతో. ఒక్క సందేహం మిగిలింది: పాత 14 అంగుళాల చక్రాలు అమ్మేయవచ్చా?

#28 · రిమ్ము లెక్క
స్టెప్నీ 14 అంగుళాలదే కదా, దానికి నట్లు కూడా వేరే రకం అవసరమవుతాయి. పాత నట్లు ఒక సెట్టు డిక్కీలో జాకీ పక్కన పెట్టుకోండి, అలాయ్ నట్లు ఇనుప రిమ్ముకి సరిగ్గా కూర్చోకపోవచ్చు. నాలుగు చక్రాలూ వారంటీ ఉన్నన్నాళ్లు అమ్మకండి. సస్పెన్షన్ శబ్దం లేదా స్టీరింగ్ లాగుడు మీద క్లెయిమ్ పెట్టాల్సి వస్తే కంపెనీ చక్రాలు తగిలించి అదే శబ్దం వినిపించవచ్చు. రిమ్ముతో ఉన్న టైర్లు నిలబెట్టకుండా ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, ఎండ తగలని చోట, గాలి కొంచెం తగ్గించి ఉంచండి.

#29 · కొత్తబండి
అలాగేనండి, మేడ మీద గదిలో పెడతాను.